డాక్టరు గారి జీపుకు గాలి మిషను

టైరులోంచి గాలి తీస్తుంటే ఒక వాసన వస్తుంది. ఎండకు కాగిన రబ్బరు వాసన, లోపల ఎన్నాళ్ళుగానో మగ్గిపోయిన గాలి వాసన. మొన్న ఆదివారం బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఎవరిదో కొత్త జీపు ఇసుకలో దిగబడితే, నేనే వంగి నాలుగు చక్రాల్లో గాలి సగానికి దించాను. సుయ్యిమన్న చప్పుడుతో పాటు ఆ వాసన ముఖాన కొట్టింది. బండి బయటికి వచ్చింది, వాళ్ళు దండాలు పెట్టి వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే చతికిలబడి నాకు పని నేర్పిన దేవసహాయం మేస్త్రి గారిని తలుచుకుంటూ కూర్చున్నాను. ఇసుకలో నడవాలంటే టైర్లలో గాలి తగ్గించాలి, మళ్ళీ తారురోడ్డు ఎక్కాలంటే నింపాలి. ఆ నింపడం కోసమే ఇలాంటి బండ్లవాళ్ళు చిన్న కంప్రెసర్ ఒకటి పెట్టుకుంటారు. సంచిలో వేసుకుని తిరిగేది ఒక రకం, బానెట్ కింద బోల్టులు వేసి బిగించేది ఇంకో రకం. మావాళ్ళు రెండింటినీ గాలి మిషను అనే అంటారు. ఏది తీసుకోవాలన్న దాని మీద మేస్త్రి గారి ముందు జనం పెళ్ళి సంబంధం మాట్లాడుకున్నంత సేపు మాట్లాడుకునేవారు.

తెనాలిలో నందివెలుగు రోడ్డు పక్కన ఆయన షెడ్డు. డిప్లొమా పూర్తిచేసి నేను అక్కడ పనికి చేరినప్పుడు మా నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కొలకలూరులో ఒక బడిలో గుమాస్తా. కూతురు బ్యాంకులో ఏసీ గదిలో కూర్చోవాలని ఆయన కోరిక. కూతురేమో జీపు కింద పడుకుంది. నాలుగో రోజు నోరు విప్పి, "ఆర్నెల్లు చూస్తాను ప్రశాంతీ. ఈలోగా ఆ మేస్త్రి నీకంటూ ఒక పని అప్పగించి, అది నువ్వు నిలబెట్టుకుంటే సరే. లేదంటే బ్యాంకు పరీక్షల కోచింగుకి గుంటూరు పోవడమే" అన్నారు. ఇది మేస్త్రి గారికి చెబితే, "మీ నాన్న మంచోడమ్మా, నేనైతే మూడు నెల్లే ఇచ్చేవాణ్ణి" అన్నారు. నాకు ఆ పని తప్ప ఇంకేదీ వద్దు. ఆ మాట గట్టిగా ఎవరితోనూ అనలేకపోయేదాన్ని, అంతే.

మేస్త్రి గారు పొట్టి మనిషి. ఆదివారం చర్చి పాటల్లో ఆయన గొంతు గోడలు దాటి వినిపించేది, మిగతా ఆరు రోజులూ దగ్గరకెళ్తే గానీ వినపడేది కాదు. మిషను కావాలని వచ్చిన ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎంత తరచుగా ఇసుకలోకి దిగుతారు, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఎవరైనా ఏదైనా అడిగితే 'లేదండి' అనడం మీకు వచ్చా. ఎప్పుడో ఒకసారి దిగేవాడికి, స్నేహితుల బండ్లకు కూడా గాలి కొట్టేవాడికి సంచి మిషను చాలు. వంగి, బ్యాటరీకి క్లిప్పులు పెట్టి, అది వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఉండాలి. రోజూ దిగేవాడికి బిగించిన మిషను మేలు. స్విచ్చు నొక్కితే సరిపోతుంది. ఈ రెండు ప్రశ్నల వరకూ ఏ మెకానిక్కయినా అడుగుతాడు. మూడోది మాత్రం ఆయన సొంతం.

బాపట్ల నుంచి ఒక కుర్రాయన తళతళలాడే బండిలో వచ్చి, అన్నిటికంటే పెద్ద మిషను బిగించమన్నాడు. ఇసుకలోకి ఎన్నిసార్లు దిగుతారంటే ఏడాదికి రెండుసార్లు అన్నాడు. మరి ఇంత పెద్దది ఎందుకని మేస్త్రి గారు అడిగారు.

"మా ఫ్రెండ్ బండికి ఉందండి."

"ఉంటే మంచిదే కదండి. మీ బండి ఆయన బండి పక్కన ఆపుకోండి."

అలా వచ్చిన బేరాన్ని వచ్చినట్టే పంపించేశారు. ఇలాగైతే షెడ్డు నడిచినట్టేనని నేను గొణిగితే, "వాడు మళ్ళీ వస్తాడులే అమ్మా, బుద్ధొచ్చాక" అన్నారు. నిజంగానే వచ్చాడు. సంచి మిషను తీసుకెళ్ళాడు.

మూడో ప్రశ్న ఎలా పుట్టిందో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పారు. తొలిరోజుల్లో ఆయనకూ ఒక సంచి మిషను ఉండేదట. పక్కింటివాళ్ళు సైకిలుకని పట్టుకెళ్ళారు. వాళ్ళ దగ్గర్నుంచి చర్చి పిల్లలు క్రిస్మస్ బెలూన్లకని పట్టుకెళ్ళారు. అక్కడి నుంచి ఎటు పోయిందో తెలియదు. ఏడాది తర్వాత కొలకలూరులో చుట్టాల ఇంటికి వెళ్తే, వాళ్ళ పక్కింటి అరుగు మీద కనిపించిందట.

"నేను దాన్ని గుర్తుపట్టాను. ఆ ఇంటాయన నన్ను గుర్తుపట్టలేదు. ఏంటండి అట్లా చూస్తున్నారు, కావాలంటే పట్టుకెళ్ళండి, రెండ్రోజుల్లో తెచ్చివ్వాలి అన్నాడు."

"మరి తెచ్చేసుకున్నారా?"

"తెచ్చుకున్నా."

"హమ్మయ్య."

"రెండ్రోజులకి తీసుకెళ్ళి ఇచ్చేశా. మాటిచ్చాను కదమ్మా."

నేను నవ్వుతుంటే ఆయన నవ్వలేదు. ఊడదీయడానికి వీలున్న వస్తువేదీ మన వైపు ఒక ఇంటిది కాదని, నలుగురిదీ అని తేల్చి చెప్పి, పెరుగు కలుపుకున్నారు.

షెడ్డులో నా బాధ మాత్రం వేరేగా ఉండేది. బానెట్ ఎత్తి నేను పని చేస్తుంటే, వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళి "మేస్త్రి గారు లేరా?" అని గోడను అడిగేవారు. వాళ్ళ బండి సంగతి నేను చెబుతుంటే, నా భుజం మీదుగా ఆయన ముఖం చూసేవారు. ఒక పెద్దాయన నన్ను టీ తెమ్మన్నాడు కూడా. ఒళ్ళు మండిపోయేది. సాయంత్రం బస్సులో కొలకలూరు దాకా వాళ్ళను లోలోపల తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని.

ఐదో నెల దాటాక రేపల్లె నుంచి పశువుల డాక్టరు శేషగిరిరావు గారు పాత జీపులో వచ్చారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ, నిజాంపట్నం చుట్టుపక్కల పల్లెలకు రోజూ వెళ్ళి మేకలకు, గేదెలకు వైద్యం చేస్తుంటారు. దారంతా ఇసుక. కాలితో పంపు కొట్టీ కొట్టీ మోకాళ్ళు అరగదీసుకున్నారు. నోట్లో నాలుక లేని మనిషి. పక్క సీటులో ఆయన భార్య రత్నకుమారి గారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగినావిడ, ఇప్పుడూ షెడ్డును తనిఖీకి వచ్చినట్టే చూశారు. మేస్త్రి గారు "ప్రశాంతీ, ఈ బండి నీదమ్మా. ఏది పెట్టాలో నువ్వే తేల్చు" అని చెప్పి టీకొట్టుకు వెళ్ళిపోయారు. నాన్న అడిగిన పని ఇదే.

అమ్మగారికి నీడలో కుర్చీ వేశాను, చల్లటి సోడా తెప్పించాను. డాక్టరు గారిని మూడు ప్రశ్నలూ అడిగాను. ఇసుకలోకి రోజూ దిగుతారు, మోకాళ్ళు సహకరించవు. 'లేదండి' సంగతి అడిగితే ఆయన నొచ్చుకుని, "ఇంట్లో పెట్టుకుని లేదని ఎట్లా అంటామమ్మా?" అన్నారు. ఇంకేం, లెక్క తేలిపోయింది. సంచి మిషను ఇస్తే వారంలో ఊళ్ళు పట్టుకుని పోతుంది. బిగించేయాల్సిందే. నేను బోల్టులు బిగిస్తుంటే కుర్చీలోంచి అమ్మగారు "అమ్మాయీ, ఒక మాట" అన్నారు. "ఒక్క పది నిమిషాలండి అమ్మగారూ, అయిపోయింది" అని తల తిప్పకుండా జవాబు చెప్పాను. డ్రైవరు వైపు స్విచ్చు పెట్టి, "ఇక దీన్ని ఎవరూ పట్టుకెళ్ళలేరండి" అని గర్వంగా అప్పగించాను. మేస్త్రి గారు తిరిగొచ్చి మిషను శబ్దం విని, పని బాగుందన్నారు. నిర్ణయం ఎలా ఉందని అడిగితే, పది రోజులు ఆగమన్నారు.

పన్నెండో రోజు రత్నకుమారి గారు ఒక్కరే రేపల్లె నుంచి రైలెక్కి వచ్చారు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండి మేస్త్రి గారూ. మిషను ఊడి రాదు కదా, అందుకని మిషనుతో పాటు మా ఆయన్ని పట్టుకుపోతున్నారు. ఆటోలు, ట్రాక్టర్లు, చేపల బండ్లు. నిన్న పొద్దున ఆరింటికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం రెండింటికొచ్చారు. ఎన్ని మేకల్ని చూశారండీ అంటే, ఒకటి అన్నారు. టైర్లెన్ని అంటే, ముప్ఫై ఒకటి. ఆయన పశువుల డాక్టరా, పంక్చరు షాపా? అది ఊడదీసి సంచిది ఇవ్వండి. మిషను ఊళ్ళు తిరిగినా పర్లేదు, ఆయన పని ఆయన చేసుకుంటారు."

నాన్న ఇచ్చిన గడువు ఇంకా రెండు వారాలే ఉంది. మేస్త్రి గారు మెల్లగా, "పెట్టిన రోజున ఈ మాట చెప్పకపోయారా అమ్మగారూ?" అన్నారు.

"చెప్పబోయాను. కుర్చీ వేశారు, సోడా ఇచ్చారు. మర్యాదకేం లోటు లేదండి."

మేస్త్రి గారు నా వైపు తిరిగారు. "నిన్ను దాటుకుని జనం నాతో మాట్లాడితే నీకెట్లా ఉంటుందమ్మా?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకాలం ఎవరెవరినో తిట్టుకున్న తిట్లన్నీ నాకే తగిలాయి.

ఊడదీసే ముందు ఒకసారి నేనే వెళ్ళి చూస్తానన్నాను. మర్నాడు పొద్దున్నే రేపల్లె వెళ్ళి ఆ దంపతులతో జీపెక్కాను. నిజాంపట్నం దగ్గరి పల్లెలో మేం ఆగామో లేదో, చేపలు ఎండబెట్టే చోటు దాకా వరుస కట్టారు. ఆటోలు, సైకిళ్ళు, ఐసు మోసే రిక్షాలు. డాక్టరు గారి మందుల సంచి మూతి విప్పకుండా బానెట్ మీదే ఉంది. ఆయన గొట్టం పట్టుకుని చక్రం చక్రానికీ వంగుతున్నారు, పిలిచినవాళ్ళందరికీ తలూపుతున్నారు. ఈసారి నేను అమ్మగారి పక్కన నిలబడి, "మీరైతే ఏం చేస్తారండి?" అని అడిగాను. ఆవిడ ఈ ప్రశ్న కోసం పన్నెండు రోజులుగా ఎదురుచూస్తున్నారని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. కొంగు నడుముకు దోపి, జీపెక్కి డ్రైవరు సీట్లో కూర్చుని స్విచ్చు ఆపేశారు.

"ముందు మేకకి నట్టల మందు. ఆ తర్వాతే టైరుకి గాలి."

ముందున్న ఆటో అతను తెల్లబోయాడు. "మాకు మేకల్లేవు టీచరమ్మా."

"మీ పక్కింటివాళ్ళకి ఉన్నాయిగా. తోలుకురా."

పోయి తోలుకొచ్చాడు. పది దాటేసరికి వరుసలో టైర్ల కంటే మేకలే ఎక్కువయ్యాయి. మందు పోయించమని డాక్టరు గారు ఇంటింటికీ తిరిగినా ఎవరూ తీసుకురాని మేకలవి. ఒకతను ఒకే మేకను రెండుసార్లు తేబోతే అమ్మగారు చెవి మచ్చ గుర్తుపట్టి వెనక్కి పంపారు. డాక్టరు గారు ఎవరేమడిగినా "ఆవిణ్ణి అడగండి" అంటూ హాయిగా మందు పోస్తున్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఆ మధ్య చూడలేదు.

ఆ సాయంత్రమే జీపు తెనాలి వచ్చింది. మిషనును ముట్టుకోలేదు. స్విచ్చును మాత్రం అమ్మగారు కూర్చునే పక్క సీటు వైపుకు మార్చాను. రెండు మూరల వైరు పట్టింది.

గడువు చివరి రోజున నాన్న స్కూటరు మీద షెడ్డుకు వచ్చారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "ఏమండీ, మా అమ్మాయి పనికొస్తుందా?" అని మేస్త్రి గారిని అడిగారు.

"తప్పు చేసిందండి."

నాన్న ముఖం వెలిగిపోయింది. "నేననుకుంటూనే ఉన్నానండి."

"చేసి, నిజాంపట్నం దాకా వెళ్ళి దిద్దుకొచ్చింది. అది చేతకావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది."

నాన్న స్కూటరు తాళం జేబులో వేసుకున్నారు. "అయితే ఉంచుకుంటారా మరి?"

"నన్నడుగుతారేంటండి? అమ్మాయి ఇక్కడే ఉందిగా."

నాన్న నా వైపు తిరగడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. నన్ను ఏ బడిలో వేయాలో, ఏ కోర్సులో చేర్చాలో అన్నీ ఆయనే ప్రేమగా తేల్చేవారు. అడగడం మాత్రం ఎప్పుడూ లేదు. "ఏమ్మా, ఉంటావా?" అన్నారు. "ఉంటా నాన్నా" అన్నాను. ఏడుపొచ్చింది. చేతికి గ్రీజు ఉండటం వల్ల కళ్ళు తుడుచుకోలేకపోయాను.

మేస్త్రి గారి దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఇప్పుడు బాపట్లలో నా షెడ్డు నాకుంది. ఆయన పోయి రెండేళ్ళు. చివరి వారంలో తెనాలి ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే, మంచం చుట్టూ ఆయన కొడుకులు, కోడళ్ళు, చర్చి అయ్యగారు నిలబడి, గుంటూరు తీసుకెళ్ళాలా వద్దా, ఇడ్లీ పెట్టొచ్చా జావే ఇవ్వాలా అని గంటగా మాట్లాడుకుంటున్నారు. అందరూ ఆయన మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే. ఆయన ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూస్తూ పడుకున్నారు. నేను వాళ్ళ మధ్యలోంచి దూరి వెళ్ళి, మంచం పక్కన వంగి, "మేస్త్రి గారూ, మీకేం కావాలండి?" అన్నాను.

"ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా" అన్నారు. "పొద్దున్నుంచీ చలేస్తోంది."