ఈరన్న వేయించిన బోర్డు

కార్డు చెల్లనప్పుడు టికెట్ మిషన్ రెండుసార్లు కీచుమంటుంది. ఈ ఉదయం గుంతకల్లు నుంచి బళ్ళారికి వచ్చేలోపు మూడుమార్లు ఆ చప్పుడు విన్నాను. కార్డు చాచిన మనిషి, తప్పు నాదే అన్నట్టు నా మొహంలోకి చూస్తాడు. కండక్టరుగా చేరి ఆరేళ్లయినా ఆ చూపు నాకు అలవాటు కాలేదు. అప్పుడల్లా నాకు పని నేర్పిన ఈరన్న గుర్తొస్తాడు.

ఆయనది కంప్లి. సన్నగా, పొడవుగా, ఎప్పుడూ నిద్ర చాలని కళ్లతో ఉండేవాడు. నేను చేరిన కొత్తలో నా పక్కనే ప్రయాణం చేస్తూ పని చూపించేవాడు. ఒకరోజు సరిహద్దుకు అవతలి ఊళ్లో హనుమక్క అనే కూలిమనిషి ఎక్కింది. పాదాలు వాచి ఉన్నాయి. అటు తెలుగు రాష్ట్రం బస్సుల కార్డు తీసి మిషన్ మీద పెట్టింది. మాది ఇటు కన్నడ రాష్ట్రం బస్సు. మిషన్ ఒప్పుకోలేదు. చేతిలో డబ్బుల్లేవంది.

"ముందర స్టాపులో దిగమ్మా, యెనక మీ బస్సు వస్తాది" అన్నాను.

ఈరన్న లేచి వచ్చాడు. "యాడికి పోతాండావమ్మా?"

"బళ్ళారి దవాఖానాకప్పా. రగతం శుద్ధి చేస్తారు. పదికంతా ఆడుండాల. మా బస్సు ఈ పొద్దు రాల్యా."

"కూచో" అని, తన జేబులోంచి తీసిచ్చి నాతో టికెట్ కొట్టించాడు. బళ్ళారిలో ఆమెను ఆటో ఎక్కించి వచ్చాక నాతో అన్నాడు: "సరోజా, కార్డు చెల్లల్యా అంటే ఆయమ్మ మోసం చేసిందని కాదమ్మా. ఆ ఆఫీసోళ్లు, ఈ ఆఫీసోళ్లు కూచొని మాట్లాడుకోల్యా, అంతే."

అక్కడితో ఊరుకోలేదు. రెండు వైపులా ఒకే కార్డు చెల్లేలా చేయమని ఇక్కడికి కన్నడంలో, అక్కడికి తెలుగులో అర్జీలు రాశాడు. సెలవు రోజుల్లో రెండు డిపోల చుట్టూ తిరిగాడు. ఇక్కడ "మేలింద బరబేకు" అనేవాళ్లట. అక్కడ "పైనుంచి రావాల" అనేవాళ్లట. "రెండు భాషల్లో ఒకటే జవాబు సరోజా" అంటూ బెంచీ మీద కూలబడి బూట్లు విప్పుకునేవాడు.

రెండేళ్లు తిరిగితే దక్కింది ఒక రేకు బోర్డు. ఏ కార్డు ఏ బస్సులో చెల్లదో రెండు లిపుల్లో రాసి బస్టాండు గోడకు కొట్టారు. రిటైరైన రోజు ఈరన్న దాని ముందు నిలబడ్డాడు.

"ఇంతేనా అన్నా?" అన్నాను.

"ఎక్కకముందే తెలుస్తాది గదమ్మా. నడిదోవలో దిగే పని తప్పుతాది." ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

నిరుడు ఆయన పోయాడు. డ్యూటీ మార్చుకోవడం కుదరక చివరి చూపుకు కూడా వెళ్లలేకపోయాను.

పోయిన నెల ఒకరోజు వరసగా రెండు డ్యూటీలు చేసి ఒళ్లు హూనమై ఉన్నాను. ఒక పెద్దాయన కార్డు చెల్లలేదు. ఏమీ అడగకుండా దింపేశాను. ఆయన తుండు నెత్తిన వేసుకుని ఎండలో నిలబడ్డాడు. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి ఆ తుండు కనబడింది.

"నిలపప్పా" అన్నాను డ్రైవరుతో.

"ఏందక్కా, ముందే లేటుండాది" అని విసుక్కుంటూనే నిలిపాడు.

దిగి వెనక్కి నడిచాను. మోకాళ్లు సలుపుతున్నాయి. "రాప్పా, ఎక్కు" అంటే ఆ పెద్దాయన వెంటనే నమ్మలేదు. ఆ నూరడుగులూ నన్ను నడిపించింది ఈరన్నే. నాకై నాకు అంత ఓపిక లేదు.