మా పొసగదు బావ

మా బావ రోజుకి ఎన్ని మాటలు మాట్లాడినా అందులో సగం ఒక్కటే మాట: "పొసగదు."

ఆయన రంగుల ఫ్యాక్టరీలో రసాయనాల స్టోరుకి పెద్ద. నేను అదే ఫ్యాక్టరీలో సరుకు కొనే సెక్షన్లో పనిచేస్తాను. అంటే ఇంట్లో మా అక్క మొగుడు, పనిలో నా ప్రాణానికి తద్దినం. నేను తెప్పించిన సరుకు లారీ దిగకముందే ఎదురొచ్చి, "ఇది దారంతా దేని పక్కన కూర్చుని వచ్చింది?" అని అడుగుతాడు. సరుకు ఎలా ఉందని కాదు, ఎవరి పక్కన కూర్చుందని. సంబంధం కుదుర్చుకోడానికి వచ్చిన మేనత్త కూడా అన్ని ఆరాలు తీయదు.

స్టోరులో యాసిడ్లకి ఒక గది, బ్లీచింగ్ పౌడరుకి ఇంకో గది, పెరాక్సైడ్ పీపాలకి చల్లటి మూలగది. ఒక గదిలో వాడిన గరిటె ఇంకో గది గడప దాటకూడదు. ఒకసారి నైట్రిక్ యాసిడ్ ఒలికితే, తుడుద్దామని ఎవరో రంపపు పొట్టు గంపెడు పట్టుకొచ్చారు. బావ గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందంటారు చూడు, వీటికి పచ్చగడ్డి కూడా అక్కర్లేదు, ఆ పొట్టు చాలు. వెనక్కి తీసుకెళ్ళి ఇసుక పట్రా."

అంతవరకూ బాగానే ఉంది. ఆ ఉద్యోగానికి ఆ చాదస్తం ఉండాల్సిందే. గొడవల్లా ఏమిటంటే, బావ సాయంత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని ఇంటికొస్తాడు గానీ చాదస్తాన్ని కడుక్కుని రాడు.

"వెల్లుల్లి పక్కన వెన్న పెట్టావేంటి? పొసగదు," అన్నాడొకరోజు ఫ్రిజ్ తెరిచి.

"అవేం కాపురం చెయ్యట్లేదండీ, పక్కపక్కన కూర్చున్నాయంతే," అంది అక్క.

"ప్రమాదాలన్నీ పక్కన కూర్చోడంతోనే మొదలవుతాయే."

"మన పెళ్ళీ అలాగే మొదలైంది లెండి," అంది అక్క.

మా చెల్లెలి పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరెక్కడ కూర్చోవాలో చూసే పని బావ తన నెత్తినేసుకున్నాడు. పెద్ద మావయ్యకీ చిన్న మావయ్యకీ ఉప్పూ నిప్పూ. ఇద్దరి మధ్యా చెవుడున్న తాతయ్యని తెచ్చి కూర్చోబెట్టాడు.

"పాపం, తాతయ్యనెందుకు బావా?"

"ఇసుక బస్తారా. ఎటునుంచి ఏం పడ్డా పీల్చుకుంటాడు."

మా వంశంలో ఎవరూ అలిగి లేచిపోని పెళ్ళి అదొక్కటే.

అలాంటి బావ ఒకరోజు హద్దు దాటాడు. పెరాక్సైడ్ పీపాలు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పెద్ద పీపాలోంచి చిన్న డబ్బాల్లోకి చుక్క ఒలక్కుండా వంచడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇంట్లో ఇంతమంది మనవలు, సంపాదన ఆయనదొక్కటే. ఆయన్ని పని మధ్యలో, నలుగురి ముందూ ఆపేశాడు బావ.

"రేపట్నుంచి గేటు దగ్గర కూర్చో. నీకూ పెరాక్సైడుకీ పొసగదు."

"ఇన్నేళ్ళూ పొసిగింది. ఇవాళేం వచ్చింది?"

"నీ మొహం దానికి నచ్చలేదు."

మేనేజరు బావని పిలిచి అడిగాడు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. "మనిషికీ పీపాకీ పొసగకపోవడం ఏంటండీ?"

"ఆయనది వేడి ఒళ్ళు సార్. అదేమో వేడి తగిలితే ఊరుకోదు," అన్నాడు బావ, పూజారంత గంభీరంగా.

మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ పిచ్చికి మందు లేదు," అంటూ బదిలీ కాగితం మీద సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట క్యాంటీను దాకా పాకింది. బావ ఎటు వెళ్తే అటు నవ్వులే.

గేటు దగ్గర పెద్దాయన పని, లోపలికి వెళ్ళే ప్రతివాడికీ కళ్ళద్దాలూ చేతి తొడుగులూ ఉన్నాయో లేదో చూడటం. బావ కనబడితే చాలు ఊరంతా వినపడేలా అందుకునేవాడు. "వచ్చాడండీ, పీపాలకి సంబంధాలు చూసే పెద్దమనిషి."

నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దవాడి పరువు తీశావు బావా," అని ఇంటిదగ్గర నిలదీశాను.

"నీకూ ఈ సంగతికీ పొసగదు. అన్నం తిను," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. బావ తరఫున నేనే క్షమాపణ చెబుదామని మర్నాడు టీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. చెయ్యి గడగడా వణికి సగం టీ బల్ల మీద పడింది. గబుక్కున రెండో చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

ఆ చెయ్యి పీపా మీద ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు అప్పుడు తట్టింది. ఘాటైన పెరాక్సైడ్ ఒంటిమీద పడితే కాలుతుంది, కింది చెక్కల మీద పడితే మంటే లేస్తుంది.

"బావకి తెలుసా?" అన్నాను మెల్లగా.

"ముందు చూసిందే ఆయన. చెబితే నన్ను ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే నేనో, నా పక్కనున్నవాడో కాలిపోతాం. అందుకని పిచ్చివాడి వేషం తనే కట్టాడు."

నిన్న నేను తిట్టిన తిట్లన్నీ తలుచుకుంటూ బల్ల మీద ఒలికిన టీ తుడిచాను. "మరి రోజూ అంతలా తిడతారేంటి?"

"తిట్టకపోతే జనానికి అనుమానం రాదా బాబూ? మొన్న కాస్త జోరు తగ్గించానని స్టోరులోకి పిలిచి చివాట్లు పెట్టాడు."

అంతలో బావ వచ్చాడు, కళ్ళద్దాలు నెత్తిమీదకి నెట్టుకుని. పెద్దాయన గ్లాసు నా చేతిలో పెట్టి లేచాడు.

"లోకానికంతా నీతులు చెబుతావు, అద్దాలు నెత్తిన పెట్టుకుంటావా? అక్కడ కాపాడుకోడానికి ఏముందని?"

లైన్లో ఉన్న వాళ్ళంతా గొల్లుమన్నారు. బావ మొహం గంటు పెట్టుకుని అద్దాలు కళ్ళమీదకి దించుకున్నాడు, పెదవి కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన కూర్చుని నా చేతిలోని టీ మళ్ళీ అందుకున్నాడు.

"బాగుందా బాబూ? గొంతే నాది. మాటలు ఆయనవే, పొద్దున్నే నేర్పించాడు."