ప్లైవుడ్ గోడ వెనక రౌటర్

మా అత్తగారింట్లో ఫోన్ లైను ఉన్న గది నాది. నాదంటే నా పేరున ఉన్నదని కాదు, పొద్దంతా నన్ను కూర్చోబెట్టిన గది అని. ముందు గదిలో మా మామ ఎస్టీడీ బూత్ నడిపేవాడు. తొంభైల చివర్లో దాని పక్కనే మా మరిది నాలుగు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. బయట బోర్డు మీద 'హై స్పీడ్' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆర్మూరులో అప్పటికి ఆ స్పీడేమిటో చూసినవాడు లేడు కనక ఎవరూ నిలదీయలేదు.

నాలుగు కంప్యూటర్లకూ కలిపి ఉన్నది ఒక్క మోడెం. అది లోపలి గదిలో, ఫోన్ లైను పక్కన, నా బల్ల మీద ఉండేది. ముందు గదికీ నా గదికీ మధ్య ప్లైవుడ్ గోడ, ఆ గోడ అడుగున ఒక బెజ్జం, ఆ బెజ్జంలోంచి నాలుగు కంప్యూటర్ల వైర్లు. ఒకసారికి ఒక కంప్యూటర్‌కే నెట్ వచ్చేది. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఉత్తరం పంపాలని మోర్తాడ్ నుంచి వచ్చిన ముసలాయన మొదటి కంప్యూటర్ దగ్గర ఉంటే, పరీక్ష ఫలితం చూసుకోవాలని వచ్చిన పిల్లలు మిగతా మూడింటి ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేవాళ్ళు. మరిది ప్లైవుడ్ మీద తట్టేవాడు. రెండుసార్లు తడితే రెండో కంప్యూటర్, మూడుసార్లు తడితే మూడోది. నేను మోడెంకున్న వైరు పీకి ఆ తట్టిన కంప్యూటర్ వైరు పెట్టాలి. అదీ నా ఉద్యోగం. దీనికోసమేనా నేను డిగ్రీ తరువాత నిజామాబాద్ పోయి కంప్యూటర్ కోర్సు చేసింది అని రోజుకోసారి ఒళ్ళు మండేది.

"బజార్ల మొగోళ్ళు వస్తరు, కోడలు లోపలుంటేనే మంచిగుంటది" అని అత్తమ్మ అంది. సరే, లోపలే ఉన్నాను. ఆ గదిలో నాకు ఒకే ఒక్క ఓదార్పు ఉండేది. మా ఆయన మస్కట్ పోయే ముందు కొన్న పాత కంప్యూటర్ అది. తట్టుడుకూ తట్టుడుకూ మధ్య దాని మీద ఏదో ఒక ప్రోగ్రాం రాసుకునేదాన్ని. అది లేకపోతే ఆ గదిలో పిచ్చెక్కేది, అబద్ధమెందుకు.

ఒకరోజు నాకు కోర్సు చెప్పిన మేడం బూత్‌కు ఫోన్ చేసింది. నిజామాబాద్‌లో ఆమె నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేందుకు మనిషి కావాలట. ఎండాకాలం సెలవుల్లో కొత్త బ్యాచ్ మొదలవుతుంది, ఆలోగా వచ్చి చేరు, అప్పటిదాకా నీ కోసం చూస్తాను అంది. పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. మాక్లూర్ మీదుగా నిజామాబాద్ పోయే బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు, అంత సంతోషం.

మామ భోంచేస్తుండగా అడిగాను. ఆయన కోపగించుకునే మనిషి కాదు. కోపగించుకుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

"పోతే పోదువు బిడ్డా, నాకేం? గాని గా వైరు ఎవలు మారుస్తరు? నువ్వు పోతే దుకాణం బందే కదా" అన్నాడు.

మస్కట్‌లో ఉన్న మా ఆయనను ఫోన్‌లో అడిగితే "బాపు ఏమంటే గదే" అన్నాడు.

అంటే అడ్డం ఉన్నది వైరే కదా, అనుకున్నాను. నాకున్న రోగమే అది. ఎవరైనా ఒక కారణం చెబితే అదే కారణమని నమ్ముతాను. వైరు మార్చే పని లేకుండా చేస్తే నన్ను ఆపేదేముంది?

నిజామాబాద్ బస్టాండ్‌లో మా తమ్ముడి చేత కొనిపించుకున్న ఒక కంప్యూటర్ పత్రికతో లైనక్స్ అనే సీడీ వచ్చింది. ఉత్త పాత కంప్యూటర్‌ను కూడా దానితో రౌటర్‌గా మార్చవచ్చని అందులో రాసి ఉంది. రౌటర్ అంటే ఏమీ లేదు, పెళ్ళి బంతిలో వడ్డించే పెద్దమనిషి లాంటిది. ఏ విస్తరి ముందు ఎవరు ఏమడిగారో గుర్తు పెట్టుకుని వంటింట్లోకి పోయి, ఎవరిది వాళ్ళకు తెచ్చి వేస్తుంది. వంటింటి దారి ఒక్కటే అయినా బంతిలో అందరూ ఒకేసారి తింటారు. అట్లాగే ఒక్క మోడెంతో నాలుగు కంప్యూటర్లకూ ఒకేసారి నెట్ వస్తుంది. ఎవరైనా అడగగానే ఫోన్ నెంబరు కూడా అదే తిప్పుకుంటుంది.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ఒక్కటే. నాది. దాన్నే తీసుకున్నాను.

మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు, ఆ వేళల్లో కూర్చునేదాన్ని. మరిదిని బతిమాలి నెట్‌వర్క్ కార్డు, వైర్లన్నీ వచ్చి కలిసే హబ్ డబ్బా తెప్పించాను. కార్డు పెడితే మోడెం పలకదు, మోడెం పలికితే కార్డు పలకదు, ఇద్దరు తోడికోడళ్ళ లెక్క. రెండూ ఒకే నెంబరు కోసం కొట్లాడుకుంటున్నాయని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. కార్డు మీద ఉన్న చిన్న పిన్నును నా తలపిన్నుతో లాగి పక్కకు పెట్టాక గొడవ తీరింది. మధ్యలో మరిది తడితే లేచి వైరు మార్చి మళ్ళీ కూర్చునేదాన్ని. ఇంకెన్నాళ్ళు తడతావో తట్టు నాయనా, అని లోపల అనుకునేదాన్ని.

అది పనిచేసిన రోజు నాలుగు కంప్యూటర్లలో ఒకేసారి నెట్ వచ్చింది. ఒక్క లైనును నలుగురు పంచుకుంటే ఎవరికీ పెద్ద స్పీడ్ రాదు గాని, వంతు కోసం ఎదురుచూడటం పోయేసరికి అందరికీ అదే హై స్పీడ్ అనిపించింది. మరిది అయితే గాల్లో తేలిపోయాడు. "వదినె, మస్తు చేసినవ్" అని బూత్‌కు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ మాటకు నేనూ పొంగిపోయాను. మరునాడే నా బల్ల మీది మానిటర్, కీబోర్డు పట్టుకుపోయి ముందు గదిలో అయిదో కంప్యూటర్ పెట్టాడు. "గా డబ్బాకు తెర ఎందుకు వదినె, దాని పని అదే చేసుకుంటది" అన్నాడు. నిజమే, దానికి అక్కర్లేదు. నాకు కావాలి.

మామ దగ్గరికి పోయాను.

"వైరు మార్చే పని లేదు మామా. ఇగ నేను నిజామాబాద్ పోత" అన్నాను.

ఆయన చల్లగా నవ్వాడు. "మంచిగైంది బిడ్డా. నీకు పని తప్పింది కదా, రేపటి సంది కల్లం కాడికి పో. పసుపు ఉడుకవెట్టుడు షురూ అయింది, కూలోళ్ళు దొరుకుతలేరు. నిజామాబాద్ ముచ్చట పసుపు అయినంక చూద్దాం" అన్నాడు.

వైరు గురించి ఆయన అన్నదంతా ఊరికే అన్న మాటని అప్పుడు తెలిసింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేనైతే మధ్యాహ్నాలన్నీ కూర్చుని, తలపిన్ను పెట్టి మరీ తవ్వుకున్నాను. కుర్చీ పోయింది, కంప్యూటర్ పోయింది, మిగిలింది కల్లం. ఉడికిన పసుపు కొమ్ముల ఆవిరి మొహాన కొడుతుంటే, ఆ ప్లైవుడ్ గది మీద కూడా బెంగ పుట్టింది. అంత అన్యాయం ఇంకోటి ఉంటుందా?

మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందే. ఒకరోజు పోయి వచ్చి, వచ్చి పోయి, రౌటర్ ఆగిపోయింది. అట్లా మధ్యలో ఆరిపోతే అది లేచేటప్పుడు తన డిస్కు తనే పరీక్ష చేసుకుంటుంది. అందులో పెద్ద తేడా కనబడితే పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది. ఆ పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు. మరిది స్కూటర్ వేసుకుని కల్లానికి వచ్చి నన్ను ఎక్కించుకుపోయాడు. ముందు గదిలోంచి తెర, కీబోర్డు తెచ్చి డబ్బాకు తగిలించి, పసుపు చేతులతోనే టైప్ చేసి లేపాను. కొద్ది రోజులకు మళ్ళీ అదే కథ. మూడోసారి మామే లోపలికొచ్చి నిలబడ్డాడు.

"గా మాట ఏందో మాకు చెప్పు బిడ్డా. ఊకె నిన్ను తోలుకొచ్చుడు ఏం బాగుంటది?"

చెప్పకపోతే ఈ డబ్బాకు నేనే దిక్కని చెప్పి జన్మలో ఊరు దాటనివ్వరు. చెబితే నా చేతిలో ఇంకేమీ ఉండదు. ఎటూ పోలేక చెప్పేశాను.

"నిజామాబాద్" అన్నాను. "ఇంగ్లిష్‌ల, అన్నీ చిన్నక్షరాలు."

మామ నన్నొకసారి చూశాడు. అట్లాగే బయటికి పోయాడు. ఆయన మనసు కరిగిందేమోనని ఆశపడ్డాను, పిచ్చిదాన్ని. మరునాడు మరిది నేల చూపులు చూస్తూ వచ్చాడు.

"వదినె, బాపు పాస్‌వర్డ్ మార్చుమంటుండు. ఇంటి తాళంచెవి ఇంటోళ్ళ తాన ఉండాలెనట."

మార్చే పద్ధతి కూడా నేనే చెప్పాలి కదా. చెప్పాను. కొత్త మాట ఒకసారి కొట్టి, మళ్ళీ ఇంకోసారి కొట్టాలి, కొట్టేటప్పుడు తెర మీద ఒక్క చుక్క కూడా కనబడదు, జాగ్రత్త అన్నాను. అతను కొడుతుంటే నన్ను గోడ దిక్కు తిరగమన్నాడు. ఆ ప్లైవుడ్ గోడ దిక్కే తిరిగి నిలబడ్డాను. ఇంటోళ్ళు అంటే నేను కాదన్నమాట.

మేడం చెప్పిన ఎండాకాలం బ్యాచ్ దగ్గర పడింది, పసుపు ఎండబెట్టడం ఇంకా సగంలోనే ఉంది, అప్పుడు కరెంటు మళ్ళీ దాని బుద్ధి చూపించింది. ఈసారి స్కూటర్ మీద మరిది వెనక మామ కూడా కల్లానికి వచ్చాడు. మరిది కొట్టిన పాస్‌వర్డ్‌ను డబ్బా ఒప్పుకోవడం లేదట. కనబడకుండా కొట్టింది ఏం కొట్టాడో, రెండుసార్లూ అదే తప్పు కొట్టాడో, అతనికే తెలియదు. పొద్దటి నుంచి దుకాణం మూత.

"నాకేం తెలుసు తమ్మీ? నేను గోడ దిక్కు మళ్ళి ఉంటి" అన్నాను.

ఆ తాళానికి ఇంకో దారి ఉంది. లేచేటప్పుడే రెండు మాటలు కొడితే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిస్తుంది. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు.

"తెరిచే ఉపాయం లేదా బిడ్డా?" అన్నాడు మామ.

"ఉన్నది మామా. తెరుస్త. రేపటి సంది పొద్దుగాల బస్సుకు నిజామాబాద్ పోత."

ఆయన కల్లం అంతా కలియజూశాడు. ఎండుతున్న కొమ్ములు, ఇంకా ఉడకాల్సిన కుప్ప.

"పసుపు అయినంక పోదువు గని."

"అయితే పసుపు అయినంకనే తెరుస్త మామా" అన్నాను. అని కొమ్ములు తిరగేయడం మొదలుపెట్టాను. తల ఎత్తలేదు.

మరిది గొణిగాడు. "పసుపు అయ్యేదాకా అంటే గిరాకంతా పోతది బాపు."

"పో" అన్నాడు మామ, నా వైపు చూడకుండా. "గాని పొద్దుమూకక ముందే ఇంట్ల ఉండాలె."

దూడను కట్టేసిన తలుగు కొంచెం పొడుగు చేశారు, విప్పలేదు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా చేతులు కడుక్కుని స్కూటర్ ఎక్కాను. ఆ రెండు మాటలు కొట్టి డబ్బాను లేపాను. పాస్‌వర్డ్ కొత్తది పెట్టాలి కదా, ఈసారి మరిదిని గోడ దిక్కు తిరగమన్నాను.