యశోద పెద్దమ్మ కంప్యూటరు, నా అరగంట

మొన్న గ్యాస్ ఏజెన్సీలో రసీదు కోసం నిలబడి ఉంటే, బల్ల మీది పాత ప్రింటరు కర్ర్‌మంటూ మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్లు విసుక్కున్నారు. నేను మాత్రం ఆ చప్పుడు మధ్యలో ఎక్కడ ఆగిపోతుందోనని చెవి పెట్టి విన్నాను.

సిద్దిపేటలో మా గల్లీకి వచ్చిన మొదటి కంప్యూటరు యశోద పెద్దమ్మది. చుట్టరికం లేదు. పక్కింటి పెద్దావిడ కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్లం. సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. చేతికొచ్చిన డబ్బుతో బంగారం కొంటుందనుకుంటే కంప్యూటరు, ప్రింటరు, కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ కొని ముందు గదిలో పెట్టుకుంది. "గా డబ్బాతోని ఏం జేస్తవక్కా?" అని ఆమె తమ్ముడు నవ్వితే, "నువ్వు నవ్వు, నేను నేర్సుకుంట" అన్నది. డిగ్రీ తప్పి, ఇంట్లో మా బాపు మగ్గానికి నూలు కండెలు చుడుతున్న నన్ను పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. ఆరు నెలల్లో ఇంగ్లీషు దరఖాస్తులు కొట్టగలిగాను.

రెండేళ్ల తర్వాత ఒక ఎండాకాలం పొద్దున నంగునూరు నుంచి లచ్చవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి దుబాయిలో కట్టడం మీది నుంచి పడి దవాఖానలో ఉన్నాడు. అతన్ని ఇంటికి పంపించమని అక్కడి భారత ప్రభుత్వ ఆఫీసుకు దరఖాస్తు రాయాలి. మర్నాడు దుబాయి వెళ్తున్న ఒక అధికారి ఆ కాగితం తానే తీసుకుపోతానన్నాడట. సాయంత్రంలోగా హైదరాబాదులో ఆయనకు అందాలి. పెద్దమ్మ వంటలో ఉంది. నేనే కొట్టి, అచ్చు తీసి ఇచ్చాను. లచ్చవ్వ సంతకం పెట్టి, పన్నెండింటి బస్సుకని వెళ్లిపోయింది.

అప్పుడు చూశాను, బల్ల మీద ఆమె మరిచిపోయిన చీటీ. అందులో ఆమె పెనిమిటి పాస్‌పోర్టు నంబరు చివర అరవై మూడు ఉంది. నేను కొట్టింది ముప్ఫై ఆరు.

వెంటనే చెప్పలేదు. పెద్దమ్మ ఇక రావద్దంటుందని భయం. ఆఫీసువాళ్లే సరిచూసుకుంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. గోడ గడియారంలో అరగంట గడిచిపోయాక వంటగది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"నంబరు తప్పు కొట్టిన పెద్దమ్మా."

"ఎప్పుడు చూసుకున్నవ్?"

"అరగంటైంది."

ఆమె పొయ్యి ఆర్పింది. "తప్పుకు నేనేమనను. గీ అరగంట ఎక్కడికెల్లి తేవాలె బిడ్డా?"

నంబరు సరిచేసి ప్రింట్ కొట్టామో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని మొత్తుకోసాగింది. అది పాతబడింది, నాలుగు నిమిషాలు కూడా ఆగదు. "మానిటర్ బంద్ చెయ్, ప్రింటర్‌కన్న మిగుల్తది" అన్నది పెద్దమ్మ. చీకటైన తెర ముందు ఇద్దరం ఆ కర్ర్ చప్పుడు వింటూ నిలబడ్డాం. ఒక్కొక్క వరుసా నింపాదిగా పాకుతోంది. కాగితం ఒక పక్కకు వాలబోతే ఆమె వేలితో ఒత్తి పట్టుకుంది. చివరి వరుస పడి కాగితం బయటికి వచ్చిన కాసేపటికే యూపీఎస్ నోరు మూసుకుంది.

ఆటోలో బస్టాండుకు చేరేసరికి బస్సు వెళ్లిపోయింది. "పోనియ్ అన్నా, ఎక్కడ ఆగితె అక్కడ వట్టుకుందాం" అని పెద్దమ్మ ఆటోవాలాను బతిమాలింది. దుద్దెడ స్టేజీలో జనం ఎక్కుతుంటే అందుకున్నాం. పెద్దమ్మ రొప్పుతూ తలుపు దగ్గరే ఆగి, కాగితం నా చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు" అన్నది.

"లచ్చవ్వా, నేను నంబరు తప్పు కొట్టిన. గిది సరైంది. మళ్ల సంతకం పెట్టు."

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. పెన్ను ఇమ్మని చేయి చాచింది. "ఏందమ్మా, బస్సు మీ ఇంటిదా?" అని డ్రైవరు అరుస్తుండగా సంతకం పెట్టింది. ఆమె ఇచ్చిన పాత కాగితాన్ని నేనే చింపేశాను.

రెండు నెలలకు ఆమె పెనిమిటి చంకకర్రల మీద ఇంటికొచ్చాడు.

బస్సు వెంటపడ్డ మర్నాడు, ఎలాగూ పొమ్మంటుందని గుమ్మం బయటే నిలబడ్డాను. పెద్దమ్మ కంప్యూటరు గది తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను లేనప్పుడు గూడ తీసి పని జేసుకో" అన్నది. ఎందుకని అడిగే ధైర్యం అప్పుడు లేదు. ఆమె పోయి ఏళ్లయింది.

ఇప్పుడు నాకొక టైపింగ్ సెంటరుంది, ముగ్గురు ఆడపిల్లలు పనిచేస్తారు. పోయిన నెల వాళ్లలో స్రవంతి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. పెళ్లికార్డుల్లో ముహూర్తం తప్పు పడింది, కార్డులు చేర్యాలలో పెళ్లివాళ్లకు వెళ్లిపోయాయి. నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఎప్పుడు చూసుకున్నవ్?"

"ఇప్పుడేనక్కా."

"చూడంగనే చెప్పినవ్, మంచి పని జేసినవ్. ఫోన్ తీయ్, వాళ్లకు నేను చెప్త" అన్నాను.

ఆ పిల్ల ఏడుపు ఆగింది. నా కోపం ఆగడానికి ఇంకాస్త సేపు పట్టింది.