ఇచ్చినవాళ్లు అయిదుగురు

ఉదయం ఏడుంబావుకు బాలానగర్‌లో మెదక్ బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్. కిటికీ సీటు మాత్రం పోట్లాడి సంపాదించాను. మెదక్‌లో అయిదు చిన్న రైస్ మిల్లులు కలిసి, బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే మెషిన్ ఒకటి ఇప్పించమని మా సంస్థను అడిగాయి. విడిగా కొనే స్తోమత ఎవరికీ లేదు. వాళ్లు నిజంగా ఒకరికొకరు సాయపడతారా లేదా కొలవడం నా పని. సాయంత్రం ఆరులోపు ఫోన్లోని ఫారం పంపకపోతే మెషిన్ వేరే ఊరికి పోతుంది.

నర్సాపూర్ అడవిలో సిగ్నల్ పోయింది. పక్కసీటు పెద్దమ్మ "ఆ ఫోను జర పక్కకు పెట్టి బయటికి సూడు బిడ్డా, కోతులున్నయ్" అంది. చూశాను. బాగానే ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు దిగి, బస్టాండ్ దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో మిల్లులు తిరిగాను. వడ్ల పొట్టు తీసే రబ్బర్ రోలర్లు అరిగితే, కొత్తవి వచ్చేదాకా పక్క మిల్లు నుంచి తెచ్చుకోవడం ఇక్కడి అలవాటు. ఎవరికిచ్చారు, ఎవరి దగ్గర తీసుకున్నారని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. మూడింటికి కూర్చుని చూసుకుంటే ఒళ్లు మండింది. ఇచ్చామన్నవాళ్లు అయిదుగురు. తీసుకున్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు! ఇద్దరూ ఒప్పుకుంటేనే ఫారం దాన్ని సాయం కింద తీసుకుంటుంది.

అందరికీ ఫోన్ చేసి, వాళ్లలో ఒకరైన బాల్‌రెడ్డి మిల్లుకు రప్పించాను. "మీరంతా ఇస్తే తీసుకున్నదెవరు, దయ్యాలా?" అని అరిచాను.

పక్క మిల్లు విఠల్ బాల్‌రెడ్డి వైపు చూసి నవ్వాడు. "ఏం పటేలా, మొన్న నా రోలర్లు తీస్కపోయింది దయ్యమేనా?"

"నేనే తీస్కపోయిన," అన్నాడు బాల్‌రెడ్డి. "గది కాయితంల ఎక్కితే నా మిల్లు నడుస్తలేదనుకుంటరు."

"నీ మిల్లు బందు కావాల్నంటే రోలర్లెందుకిస్త? నీ తానకొచ్చే వడ్లన్నీ నేనే పట్టుకుందును గద!"

బాల్‌రెడ్డి నా వైపు తిరిగి, "రాయి బిడ్డా. విఠల్ తాన రెండుసార్లు తీస్కున్న" అన్నాడు. ఇక మిగతావాళ్లూ మొదలుపెట్టారు. టైప్ చేయడానికి నా వేళ్లు చాల్లేదు. అయిదూ నలభైకి ఫారం వెళ్లింది.

ఆరుంబావుకు తిరుగు బస్సు. మెషిన్ సంగతి వారంలో తెలుస్తుంది. మీరు ఇలాంటి పనిమీద వెళ్తే, ఎవరికిచ్చారన్నది విడిగా అడగండి. ఎవరి దగ్గర తీసుకున్నారన్నది మాత్రం అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే అడగండి. ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి కూడా. మెదక్‌లో అందరూ చూడ్డానికొచ్చే పెద్ద చర్చిని నేను ఆటోలోంచే చూశాను.

నర్సాపూర్ ఇంకా రాలేదు, బాల్‌రెడ్డి ఫోన్.

"బిడ్డా, ఇంకోటి యాదికొచ్చింది. విఠల్ తాన మిల్లు బెల్టు గుడ తీస్కున్న. రాస్కో."

"ఫారం పంపేశాను కదా సర్!"

"పంపితే పంపినవ్. రాస్కో."

రాసుకున్నాను.