కడిగి పెట్టిన ముక్క

2024 వేసవి. అమెరికాలోని ఫ్రిస్కోలో ఉదయం పదిన్నర. ప్రయాణాల్లో జబ్బుపడినవాళ్లకు ఫోన్‌లో దారి చెప్పే నర్సును నేను. దీన్ని ట్రయాజ్ అంటారు. ఎవరి అవసరం ఎంత తొందరదో మాటల్లోనే తేల్చడం. ఆ రోజు హెడ్‌సెట్‌లోకి ఒక్కసారిగా పెనాల చప్పుడు, నవ్వులు, స్కూటర్ల హారన్లు వచ్చిపడ్డాయి. చైనాలోని చెంగ్డూలో అప్పుడు రాత్రి పదకొండున్నర. వీధి పొడవునా హోటళ్లే, జనం ఇంకా తింటూనే ఉన్నారు.

ఫోన్ చేసింది మా దగ్గరి ఊరు కాపెల్ నుంచి అక్కడికి వెళ్లిన కవిత. నా పేరు వినగానే ఇంగ్లిష్ వదిలేసింది.

"బాబు పెదాలు వాచిపోయాయండి. నాలుగేళ్లు. పీనట్ ఎలర్జీ. గొంతు కీచుమంటోంది."

"పెన్ ఉందా?"

"చేతిలోనే ఉంది."

ఎపినెఫ్రిన్ పెన్ అంటే తొడలో గుచ్చే మందు. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపేది అదే. పక్క లైన్‌లో సహోద్యోగి అక్కడి అంబులెన్స్‌ను పిలుస్తోంది. నేను వరసగా చెప్పాను: కూర్చోబెట్టండి, కాలు కదలనివ్వకండి, మూత తీయండి, తొడ బయటివైపు గట్టిగా నొక్కండి. అవతల ఏమీ జరగలేదు.

"కారమని ముక్కను వేడినీళ్లలో కడిగి పెట్టానండి. రెండుసార్లు కడిగా. పల్లీపొడి కూడా పోతుందనుకున్నా. నా చేత్తో నేనే..."

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. సొంత విషయాలు చెప్పకూడదని మాకు శిక్షణలో నేర్పుతారు. కానీ ఆమె చెవికి నా సూచనలు ఎక్కడం లేదు.

"కవితగారూ, పొద్దున మా పాపకు నేనూ కూరముక్క కడిగే పెట్టాను. మనందరం కడుగుతాం. అది తర్వాత మాట్లాడుకుందాం. పక్కనెవరున్నారు?"

"హోటలావిడ. వాడి కాలు పట్టుకుంది."

"అయితే నొక్కండి. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి..."

"రెండు... మూడు."

"అమ్మా, యూ హర్ట్ మీ!" పిల్లవాడి కేక ఆ వీధి గోలనంతా దాటి వినిపించింది.

కాసేపటికి కీచుమనడం తగ్గింది. అంబులెన్స్ వచ్చేదాకా లైన్‌లోనే ఉన్నాను.

"హోటలావిడ ఏడుస్తోందండి," అంది కవిత.

"మీరు?"

"నేనింకా మొదలుపెట్టలేదు."

మర్నాడు బాబు ఆస్పత్రి నుంచి బయటికొచ్చాడని తెలిసింది. తప్పు చేశానని ఆగిపోయిన చేతికి సూచన కంటే ముందు తోడు కావాలని నాకు నేర్పింది ఆ కాల్.

ఇప్పటికీ మా పాపకు ముక్క కడిగే పెడతాను. అయితే వెంటనే లేవను. అది మింగి, మళ్లీ నోరు తెరిచేదాకా ఎదురుగా కూర్చుంటాను.