ఇరవై ఆరుల ఆర్డిత్

ఏడాదికి పన్నెండు నెలలంటే ఆర్డిత్ గారు ఒప్పుకునేది కాదు. ఆవిడ లెక్కలో ఏడాదికి ఇరవై ఆరు జీతాలు, అంతే. మనవరాలి వయసెంతని అడిగితే "డెబ్భై ఎనిమిది జీతాలు" అనేది. మూడేళ్ళని మనమే తేల్చుకోవాలి. పళ్ళ డాక్టరు రెండు నెలల తర్వాత రమ్మంటే, "నాలుగు జీతాలకా, అయిదింటికా? సరిగ్గా చెప్పండి" అని ఆయన్నే నిలదీసిందట.

అమెరికాలో, టొలీడో ఊళ్ళో మా తలుపుల ఫ్యాక్టరీకి ఆవిడ జీతాల గుమస్తా. అరవై దాటిన మనిషి. ఎండాకాలంలో కూడా ఉన్ని స్వెటర్ విప్పేది కాదు.

ఆవిడతో నా మొదటి యుద్ధం నాకు ప్రమోషన్ వచ్చిన వసంతంలో జరిగింది. అంతవరకూ గంటల కూలీని. ఒక్కసారిగా సూపర్‌వైజర్నయ్యాను. ఏడాదికి నలభై ఆరువేల ఎనిమిది వందల డాలర్లు! ఆ సాయంత్రమే పిజ్జా అట్టపెట్టె మీద లెక్క కట్టాను. పన్నెండు నెలలు, నెలకి రెండు చెక్కులు, మొత్తం ఇరవై నాలుగు. చెక్కుకి పంతొమ్మిది వందల యాభై. ఆ లెక్కను నమ్మి మర్నాడే వాయిదాల మీద ట్రక్కు కొనేశాను. నాకు లెక్కలు రావన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలియకపోవడంలో ఉన్న హాయి ఇంతా అంతా కాదు.

మొదటి చెక్కు వచ్చింది. పన్నులు కొయ్యకముందే పద్దెనిమిది వందలు! తిన్నగా ఆర్డిత్ గారి కిటికీ దగ్గరికెళ్ళి బల్ల గుద్దాను.

"నా నూట యాభై డాలర్లు ఎవరు మింగారు?"

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసింది. "ఏడాదికి వారాలెన్ని, మెర్ల్?"

"నెలకి నాలుగు. పన్నెండు నెలలకి నలభై ఎనిమిది!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మిగతా నాలుగు వారాలూ ఏ గ్రహం మీదుంటావు నాయనా?" అంటూ గోడ మీది క్యాలెండర్ తీసి, ఎర్ర పెన్సిల్ చేతికిచ్చింది. "శుక్రవారం విడిచి శుక్రవారం సున్నా చుట్టుకుంటూ పో."

చుట్టాను. ఇరవై ఆరు వచ్చాయి. మోసమేదో ఉందనుకుని కింద నుంచి పైకి లెక్కపెట్టాను. అప్పుడూ ఇరవై ఆరే.

"యాభై రెండు వారాలు. రెండు వారాలకో చెక్కు. ఇప్పుడు నీ ఏడాది జీతాన్ని ఇరవై ఆరుతో భాగించు."

"...పద్దెనిమిది వందలు."

"నీ డబ్బెవరూ మింగలేదు. ముక్కలు ఎక్కువయ్యాయి, ముక్క చిన్నదైంది. రెండు నెలల్లో మూడేసి సున్నాలు పడ్డాయి చూశావా? ఇల్లు మాత్రం రెండు చెక్కులతోనే నడుపుకో. ఆ మూడోది అసలు లేదనుకో." తర్వాత గొంతు తగ్గించి, "ఏదైనా కొనేశావా?" అంది.

"ట్రక్కు. అయిదేళ్ళ వాయిదా."

"నూట ముప్పై జీతాలా!" అని నిట్టూర్చి, చిన్న కార్డు ముక్క మీద ఏదో గీకి రేకు డబ్బాలో పడేసింది.

ఎవరేం చెప్పినా ఆవిడకి అదే ప్రశ్న. నక్షాలు గీసే డెల్ఫీన్ కడుపుతో ఉన్నానంటే, "ఇంకెన్ని జీతాలు?" రంగుల విభాగం ఓటో వాళ్ళమ్మని వృద్ధాశ్రమంలో చేర్చానంటే, "జీతానికెంత?" భోజనాల గదిలో ఆవిడ గొంతు అనుకరించడంలో నన్ను మించినవాడు లేడు. ఓసారి నవ్వాల్సినవాళ్ళు నవ్వట్లేదేమా అని వెనక్కి తిరిగితే, ఆవిడే నిలబడుంది.

"ఇంకాస్త బొంగురు పెట్టాలి నాయనా," అని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది డిసెంబరులో ట్రస్కాట్ అనే కొత్త మేనేజర్ ఆర్డిత్ గారినీ నన్నూ పిలిచాడు. రాబోయే జనవరి ఒకటో తారీఖే జీతాల శుక్రవారం. అంటే ఆ ఏడాది జీతాల శుక్రవారాలు ఇరవై ఏడు.

"ఏడాది జీతం మారదు కదా. ఇరవై ఏడుతో భాగించండి," అన్నాడు. "మెర్ల్, మనవాళ్ళకి నువ్వు చెప్పు. లెక్క సరిగ్గానే ఉంది కదా?"

క్యాలెండర్ పాఠం నేర్చినవాణ్ణి కదా, ఛాతీ విరిచి చెప్పాను. "సరిగ్గా ఉంది సార్!"

ఆర్డిత్ గారు రేకు డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఏడాది జీతాల మీద బతికే పంతొమ్మిది మందికీ పంతొమ్మిది కార్డులు.

"డెల్ఫీన్. పాప పాలపొడికే చెక్కుకి అరవై డాలర్లు. మీరు కోసేదీ సుమారు అంతే. ఓటో. తల్లి ఆశ్రమానికి పోగా నలభై మిగులుతుంది. మీరు కోస్తే అదీ ఉండదు. మెర్ల్. ట్రక్కుకి ఇంకా ఎనభై అయిదు జీతాలు. పైగా లెక్కలు రావు."

"మరి అదనపు చెక్కులకి డబ్బెక్కడిదమ్మా?" అన్నాడు ట్రస్కాట్.

"ఇరవై ఏడో శుక్రవారం పదకొండేళ్ళకోసారి వస్తుంది, ఊడిపడదు. పదేళ్ళుగా బడ్జెట్లో కాస్త కాస్త పక్కన పెట్టిస్తున్నాను. పాత మేనేజర్ల సంతకాలివిగో. ఇరవై ఏడుతో నేను భాగించను. మీకు అంత అవసరమైతే మీ జీతం భాగించుకోండి."

ఆయన కాగితాలు తిరగేశాడు. కార్డులన్నీ ఒక్కొక్కటే చదివాడు. చివరికి సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. ఆవిడ అన్నాళ్ళూ అడిగిందల్లా మా అవసరాలు రాసుకోడానికా! "మిమ్మల్ని అంత వెక్కిరించానండీ," అన్నాను.

"అందుకే ఓసారి నీ కార్డు నలిపి పారేశాను. మళ్ళీ రాసుకోవాల్సొచ్చింది. దండగ."

"సరే కానీ, 'లెక్కలు రావు' అని కూడా రాయాలా? క్యాలెండర్ నేర్చుకున్నాను కదా!"

ఆర్డిత్ గారు కళ్ళద్దాలు తీసి స్వెటరు అంచుతో తుడుచుకుంది.

"నీ చెక్కులోంచే అరవై ఆరు డాలర్లు కోస్తానంటుంటే, 'సరిగ్గా ఉంది సార్' అన్నదెవరు నాయనా?"